రక్తపింజర డాక్టరుగారి వెండి చేప

"ప్రళయం చేప" వీడియో మీ ఇంటి వాట్సాప్‌కీ వచ్చే ఉంటుంది. 2025 మే నెలాఖరులో తమిళనాడు జాలర్లకు దొరికిన చేప అది. వరసగా నిలబడి చాలామంది పట్టుకుంటే గానీ ఆగనంత పొడుగు. ఒళ్ళంతా వెండి, నెత్తి మీద ఎర్రటి కుచ్చు. మా ఇంట్లో అది మోగిన పూటే మనవరాలు, "తాతయ్యా, మన బీచికి సునామీ వస్తాదా?" అంటూ వచ్చి కూర్చుంది. సునామీ సంగతికి తరవాత వద్దాం. ముందు ఆ చేపకీ మన ఊరికీ ఉన్న చుట్టరికం తెలియాలి. ఇంగ్లీషులో దాన్ని ఓర్‌ఫిష్ అంటారు, అంటే తెడ్డు చేప. అందులో ఒక జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు రెగాలెకస్ రస్సెలీ. ఆ రస్సెల్ మన విశాఖపట్నంలో ఉండి వెళ్ళిన డాక్టరు. ఆ జాతి గురించి ప్రపంచానికి తెలిసింది కూడా మన తీరంలో దొరికిన చేపతోనే.

పాట్రిక్ రస్సెల్ 1727లో ఎడింబరోలో పుట్టాడు. సిరియాలోని అలెప్పోలో చాలా ఏళ్ళు వైద్యం చేశాడు. 1760 నుంచి 62 దాకా అక్కడ ప్లేగు విరుచుకుపడితే ఊరు విడిచి పోకుండా రోగులను చూశాడు, చూసిందంతా రాసిపెట్టుకున్నాడు. ఆయన తమ్ముడు క్లాడ్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. ఆ తమ్ముడికి వైజాగపట్నంలో పెద్ద పదవి వస్తే, తోడుగా ఉందామని 1781లో అన్నగారూ ఓడెక్కాడు. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది. అప్పటి విశాఖలో ఓడరేవు లేదు. అది 1933లో గానీ తెరవలేదు. స్టీల్ ప్లాంటు మాట సరేసరి. డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇసుక, తెప్పలు, కంపెనీ వాళ్ళ కొద్దిపాటి బంగళాలు, అంతే ఊరు.

కంపెనీ తరఫున మొక్కలూ మూలికలూ పరిశీలిస్తున్న కోనిగ్ అనే పండితుడు 1785లో చనిపోతే ఆ పని రస్సెల్ మీద పడింది. ఈయన దృష్టి మాత్రం పాముల మీదికి పోయింది. కారణం ఉంది లెండి. పాము కాటుతో చచ్చిపోయేవాళ్ళు కళ్ళెదుటే కనిపిస్తుంటే, ఏ పాముకు విషం ఉందో ఏ పాముకు లేదో ఎవరూ తేల్చి చెప్పలేకపోయేవారు. కోళ్ళనూ కుక్కలనూ కరిపించి ఏ విషం ఎంతసేపట్లో ఏం చేస్తుందో చూశాడు. అప్పట్లో పేరుమోసిన తంజావూరు మాత్రలను కూడా పరీక్షకు పెట్టాడు. మన రక్తపింజరను ఇంగ్లీషువాళ్ళు రస్సెల్స్ వైపర్ అనేది ఈయన పేరునే. 1796లో అచ్చయిన ఆయన పాముల పుస్తకంలో దాని పేరు "కాటుక రేకుల పొడ" అని ఉంటుంది, ఇంగ్లీషు అక్షరాల్లో. కట్లపాము జాతికి శాస్త్రంలో బంగారస్ అనే పేరు వచ్చింది కూడా ఆయన "బంగారం పాము" అని రాసుకున్న మాటలోంచే. మనవాళ్ళని అడిగి, వాళ్ళు చెప్పిన పేరునే గౌరవంగా రాసుకున్న మనిషి. తనకు నోరు తిరిగిన పేరేదో అంటగట్టేసి పోయే దొరల కాలంలో అది చిన్న సంగతి కాదని నాకనిపిస్తుంది.

చేపల దగ్గరా అదే పద్ధతి. 1803లో లండన్‌లో రెండు సంపుటాలు వెలువడ్డాయి. కోరమాండల్ తీరాన వైజాగపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలూ బొమ్మలూ అన్నది దాని పేరు. అంటే ఊరి పేరు అట్ట మీదే ఉందన్నమాట. పుటలు తిప్పితే తెలుగు పేర్లే ఎదురొస్తాయి, సొర అనీ టెంకు అనీ. బొమ్మలు వేసింది స్థానిక చిత్రకారుడు. ఆయన పేరు మాత్రం రస్సెల్ పేరులా ఏ చేపకూ అంటుకోలేదు.

ఎందుకు బొమ్మ అంత ముఖ్యం? తెల్లారగట్ట హార్బరుకు వెళ్ళి, సోనాబోటు దించిన బుట్టలో సావళ్ళనే వెండి పట్టీల్లాంటి చేపలను చూడండి. నీళ్ళలోంచి తీసిన క్షణాన అద్దంలా మెరుస్తాయి. ఎండెక్కేసరికి ఆ మెరుపు బూడిద రంగుకు దిగిపోతుంది. సారాయిలో వేసి నిలవ చేస్తే రంగు మొత్తం పోయి ఆకారం మిగులుతుంది. ఎరుపు రెక్కల చేపయితే ఎరుపే ముందు పోతుంది. అందుకే పచ్చిగా ఉండగా ఎవరో ఒకరు కూర్చుని రంగులతో దించుకోవాలి. కెమెరా లేని రోజుల్లో అంతకన్నా దారి లేదు.

సావళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఓర్‌ఫిష్ వీడియో చూసి మనవాళ్ళలో చాలామంది "ఇది పెద్ద సావడే కదా" అంటారు. ఎందుకనరు మరి? రెండూ పొడుగే, రెండూ వెండే, రెండూ పలచని పట్టీలే. కానీ దగ్గరకు తీసుకుని చూడండి. సావడి నోరు తెరిస్తే ముందు పళ్ళు కొక్కేల్లా వంగి ఉంటాయి, వేలు పెడితే తెగుతుంది. పొట్ట కింద రెక్కలుండవు. తోక చివర రెక్క లేకుండా దారంలా సన్నబడి పోతుంది. ఓర్‌ఫిష్‌కు అసలు పళ్ళే లేవు. దాని తిండి రొయ్యల్లాంటి క్రిల్ అనే చిన్న జీవులు, వాటిని నీళ్ళతో సహా నోట్లోకి లాగి, మొప్పల దగ్గరున్న ముళ్ళతో వడగట్టుకుంటుంది. పొలుసులు లేవు, చర్మం మీద చిన్న చిన్న బుడిపెలు. కంటి పైనుంచి మొదలై వీపు పొడుగునా ఒకటే ఎర్ర రెక్క, అందులో నెత్తి మీద భాగం పొడవుగా లేచి కిరీటంలా నిలబడుతుంది. మొప్పల కింద నుంచి రెండు పొడవాటి ఎర్ర పోగులు వేలాడతాయి. వాటి చివర తెడ్డులాంటి చిన్న రేకు. దానితో తెడ్డు వేసుకుంటుందనే పూర్వం పేరు పెట్టారు గానీ, అవి బహుశా రుచి చూసే అవయవాలని ఇప్పటి లెక్క. వంశంలో కూడా ఈ రెండిటికీ దగ్గరి చుట్టరికం లేదు. సావళ్ళు ట్యూనా, వంజరం వైపు బంధువులు. ఓర్‌ఫిష్ వేరే కొమ్మ. నీళ్ళలో పొడుగ్గా సన్నగా బతకడం లాభమనుకున్న రెండు వంశాలు విడివిడిగా ఒకే ఆకారానికి వచ్చాయి.

రస్సెల్ పుస్తకంలోని చేపల్లో మన తీరంలో దొరికిన ఓర్‌ఫిష్ కూడా ఒకటి. ఆ బొమ్మ పారిస్ చేరింది. అక్కడ కువియే అనే మహా పండితుడు ఉన్నాడు. ఎముక ముక్క చూపిస్తే జంతువు ఏదో చెప్పేవాడని పేరు. ఆయన ఇండియాకు ఎప్పుడూ రాలేదు. బొమ్మా వర్ణనా చూసి, ఇది యూరప్ వాళ్ళు ఎరిగిన చేప కాదని తేల్చి, 1816లో రస్సెల్ పేరు పెట్టాడు. మామూలుగా కొత్త జాతికి పేరు పెడితే ఆ మొదటి నమూనాను మ్యూజియంలో భద్రపరుస్తారు. తరవాత తగాదా వస్తే అందరూ దాన్నే తీసి చూస్తారు, ఇల్లు కొనేటప్పుడు మూలపత్రం అడిగినట్టు. ఈ చేప విషయంలో అలాంటి నమూనా ఏదీ మిగల్లేదు. ఉన్నది మన ఊళ్ళో గీసిన బొమ్మ, పక్కన రాసిన నాలుగు మాటలు. జాతి మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

నిలబడి ఉందన్నాను గానీ, చాలాకాలం పడిపోయే ఉంది. ఎందుకంటే ఓర్‌ఫిష్‌కు మొదటి పేరు నార్వే చేపది. 1772లో అస్కేనియస్ అనే ఆయన నార్వే తీరంలో కొట్టుకొచ్చిన చేపకు రెగాలెకస్ గ్లెస్నే అని పేరు పెట్టాడు. ఆ తరవాత ఎక్కడ ఏ ముక్క దొరికినా ఎవరికి తోచిన పేరు వారు పెట్టారు. పేర్లు గుట్టలు పడ్డాయి. చివరకు విసిగిన పండితులు అన్నీ ఒకటే లెమ్మని నార్వే పేరు కింద కలిపేశారు. 2012లో టైసన్ రాబర్ట్స్ అనే ఆయన ప్రపంచంలోని మ్యూజియంల నమూనాలన్నీ ముందేసుకుని పెద్ద పుస్తకమే రాశాడు. అందులో తేలింది ఏమిటంటే ఈ చేపలు రెండు జాతులు. కువియే మాట నిజమే. మన ఊరి చేప వేరే.

ఎలా తేల్చాడు? లెక్కపెట్టి. వీపు రెక్కలో పుల్లలుంటాయి కదా, వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. మొత్తం లెక్కలో రస్సెల్ చేపకు 333 నుంచి 371 దాకా, నార్వే చేపకు 414 నుంచి 449 దాకా వచ్చాయి. మధ్యలో ఖాళీ ఉంది చూశారూ, అదే సాక్ష్యం. రెండు గుంపుల లెక్కలూ ఒకదాని మీద ఒకటి ఎక్కలేదు. నెత్తి కిరీటంలోనూ తేడా ఉంది. నార్వే చేపకు వెనక రెండో కుచ్చు కూడా ఉంటుంది, మన చేపకు ఒకటే.

ఇక్కడో చిక్కు ఉంది. మా మనవరాలు వెంటనే పట్టేసింది. "తోక తెగిపోయిన చేప దొరికితే ఎలా లెక్కపెడతారు తాతయ్యా?" అంది. అడగాల్సిన ప్రశ్న అదే! పెద్ద ఓర్‌ఫిష్‌లలో దాదాపు అన్నిటికీ తోక తెగే ఉంటుంది. సొర కొరికిందనుకుంటాం, కానీ అది తనంతట తనే ముక్క వదిలేసుకుంటుందని రాబర్ట్స్ వాదన. బల్లికైతే తోక మళ్ళీ మొలుస్తుంది, దీనికి మొలవదు. తెగినచోట మానిపోయి మొండిగా ఉంటుంది. ముఖ్యమైన అవయవాలన్నీ ముందు భాగంలోనే ఉండటం వల్ల వెనక ముక్క పోయినా బతికేస్తుంది. అందుకని తోక దాకా లెక్కపెట్టడం మానేసి, మలద్వారం ఉన్న చోటు వరకు మాత్రమే పుల్లలు లెక్కపెట్టారు. అక్కడికి 82 లేదా అంతకు తక్కువ ఉంటే రస్సెల్ చేప. 90 నుంచి పైకి ఉంటే నార్వే చేప. తోక ఉన్నా పోయినా ఈ లెక్క మారదు. ఎంత తెలివైన పని!

పొడుగు మాటేమిటంటే, ఎముకలున్న చేపల్లో ఓర్‌ఫిష్‌ను మించింది లేదు. నార్వే జాతిది దాదాపు ఎనిమిది మీటర్ల దాకా నమ్మదగ్గ కొలత ఉంది. అంతకు మించి చెప్పేవన్నీ జాలర్ల సంబరం. 1996లో అమెరికాలో శాన్ డియేగో దగ్గర దొరికిన ఏడు మీటర్ల చేపను నౌకాదళం కుర్రాళ్ళు వరసగా నిలబడి ఎత్తి పట్టుకున్న ఫోటో ఉంది. అదే ఫోటో లావోస్‌లో నాగరాణి పేరుతో గోడలకు ఎక్కింది! ఓడల కాలం నాటి సముద్ర సర్పాల కథల్లో కొన్ని ఈ చేపవే అయి ఉంటాయని చాలామంది అనుమానం.

బతికున్నది ఎలా ఉంటుందో చూసింది ఈ మధ్యనే. 2008 నుంచి 2011 మధ్య మెక్సికో అఖాతంలో చమురు బావుల దగ్గర పనిచేసే రిమోట్ కెమెరాలకు అయిదుసార్లు కనబడింది. అడ్డంగా పాములా ఈదుతుందని అనుకున్నవాళ్ళు నోరెళ్ళబెట్టారు. తల పైకి, తోక కిందికి, నీళ్ళలో నిట్టనిలువుగా వేలాడుతూ, ఒళ్ళు కదపకుండా వీపు రెక్కను మాత్రం అలలా ఆడిస్తూ ఉంది. రెండు వందల మీటర్ల నుంచి వెయ్యి మీటర్ల లోతు దాకా దాని ఊరు. అయిదు వందల మీటర్ల దగ్గర నీటి బరువు మన మీదున్న గాలి బరువుకు యాభై రెట్లు. అంత లోతు మనకు ఏమంత దూరం కాదు. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి వాల్తేరులో సముద్ర శాస్త్రానికి పునాదులు వేసిన అమెరికన్ ఆచార్యుడు లఫాండ్, మన తీరానికి ఆవల సముద్రగర్భంలో నిలువునా దిగిపోయే లోయలను గుర్తించాడు. ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని వాటికి పేర్లు. మహదేవన్ అంటే అదే విశ్వవిద్యాలయంలోని భూగర్భ శాస్త్ర ఆచార్యుడే.

ఇక సునామీ. జపాన్‌లో ఓర్‌ఫిష్‌ను సముద్ర దేవుడి కోట నుంచి వచ్చిన దూత అంటారు, భూకంపం ముందు పైకి వస్తుందని నమ్ముతారు. 2024 ఆగస్టు 10న కాలిఫోర్నియాలో లా హోయా దగ్గర ఒకటి తేలింది. రెండు రోజులకు లాస్ ఏంజెలెస్‌లో 4.4 తీవ్రతతో కంపించింది. చూశారా అన్నారు. కానీ 2019లో జపాన్ శాస్త్రవేత్తలే 1928 నుంచి 2011 దాకా లోతు నీటి చేపలు కనబడిన 336 సందర్భాలను, 221 పెద్ద భూకంపాలను పక్కపక్కన పెట్టి చూశారు. సరిపోలినట్టు తేలింది ఒక్కటంటే ఒక్కటి. రోగంతోనో, తుఫాను తాకిడికో, దారి తప్పో వస్తాయి. ఈదడంలో అది మొదటి నుంచీ నీరసమే. మనకు సునామీ కబురు చెప్పడానికి హైదరాబాదు ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది, 2007 నుంచి పగలూ రాత్రీ సముద్రాన్ని కాపలా కాస్తోంది. 2004లో సునామీ వచ్చినప్పుడు అలాంటి కేంద్రం మనకు లేదు.

ఎప్పుడైనా రామకృష్ణా బీచిలోనో భీమిలిలోనో ఇలాంటిది కనబడితే ముందు నెత్తి మీది ఎర్ర కుచ్చును దగ్గరగా ఫోటో తీయండి. గాలికి అది పీలికలైపోతుంది. తోక పట్టుకుని లాగకండి. పక్కన ఏదో ఒక కొలతబద్ద పెట్టి, వీపు రెక్క పొడుగునా వరసగా ఫోటోలు తీసి, పాండురంగాపురంలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళకు కబురు పెట్టండి. పుల్లలు వాళ్ళు లెక్కపెట్టుకుంటారు. పులుసు పెడదామని మాత్రం ఆశపడొద్దు. కండంతా జిగురు జిగురుగా ఉంటుంది, పొయ్యి మీద పెడితే మిగిలేది నీళ్ళే.