గొలుసు లాగకుండా సైకిల్ చక్రం ఎలా తిరుగుతుంది?

ఎలక్ట్రిక్ సైకిల్ వెనక చక్రం మధ్యలో లావుపాటి డబ్బా ఒకటి చూశారా? పెడలు తొక్కకపోయినా చక్రం తిరుగుతుంది. మరి తిప్పేదెవరు?

తలెత్తి సీలింగ్ ఫ్యాను చూడండి. పైనున్న కడ్డీ కదలదు. దాని చుట్టూ ఉన్న డొప్ప, రెక్కలు తిరుగుతాయి. సైకిల్ చక్రంలోని ఆ డబ్బా పేరు హబ్ మోటారు. అదీ అంతే, ఇరుసు కదలదు. దానికి బిగించిన రాగితీగ చుట్టలు కరెంటు పారగానే అయస్కాంతాలవుతాయి. డబ్బా లోపలి అంచున అసలు అయస్కాంతాలు అంటించి ఉంటాయి. కంట్రోలర్ అనే చిన్న పెట్టె చుట్టలకు వంతులవారీగా కరెంటు పంపుతుంటే, ఆ అయస్కాంతాలు వాటి వెంట పరుగెడతాయి. వాటితో డబ్బా, డబ్బాతో చక్రం! (కొన్ని మోటార్లలో మధ్యలో చిన్న పళ్లచక్రాలూ ఉంటాయి. వాటి సంగతి ఇంకోసారి.)

అసలు చిక్కు ఇక్కడుంది. డబ్బాను ఎంత బలంగా ముందుకు తిప్పితే, ఇరుసు అంత బలంగా వెనక్కి తిరగాలని చూస్తుంది. అందుకే ఇరుసు చివరలను రెండు పక్కలా చదును చేసి ఫ్రేము గాడిలో ఇరికిస్తారు. నన్నడిగితే అదొక్కటే చాలదు. టార్క్ ఆర్మ్ అనే ఉక్కు పట్టీని ఇరుసుకు తొడిగి ఫ్రేముకు బిగించాల్సిందే. నట్లు వదులై ఇరుసు గిర్రున తిరిగిందా, ఇరుసులోంచి బయటికొచ్చే కరెంటు తీగలు తెగుతాయి, చక్రమే ఊడిపోవచ్చు.

కొత్తలో నట్లు, స్పోకులు తరచూ చూసుకోవాలి. తీగను ఇరుసు దగ్గర కిందికి వంచి ఉంచితే వాన నీరు లోపలికి పాకకుండా బొట్లుగా రాలిపోతుంది. పైపుతో జోరుగా నీళ్లు మాత్రం కొట్టకండి. చక్రం విప్పేముందు బ్యాటరీ తీసేసి, పెద్దవాళ్లను పక్కన ఉంచుకోండి.