ఒక గడిలో రెండు ‘ఇ’లు

నేటి మోటారు వాహనంలో ఇంజనును, గేర్‌బాక్సును, బ్రేకులను, ఎయిర్‌బ్యాగులను మాడ్యూళ్ళు అనే వేర్వేరు చిన్న కంప్యూటర్లు నడిపిస్తాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునేందుకు ఏర్పడిన తీగల వ్యవస్థ పేరు ‘క్యాన్’. జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1983లో దానిపై పని మొదలుపెట్టి, 1986లో డెట్రాయిట్‌లో జరిగిన ఇంజనీర్ల సభలో దాన్ని లోకానికి పరిచయం చేసింది. ఈ వ్యవస్థలో ప్రతి సందేశానికీ ముందు ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. స్టీరింగు దిగువన ఉండే 16 పిన్నుల సాకెట్టుకు స్కానర్ తగిలించి ఇంజను మాడ్యూల్‌ను ఏదైనా అడిగితే, చాలా వాహనాల్లో ఆ ప్రశ్న 7ఇ0 అనే సంఖ్యతో వెళ్ళి, జవాబు 7ఇ8 అనే సంఖ్యతో తిరిగివస్తుంది. స్కానర్‌లో ఉన్నంతవరకు క్షేమంగా ఉండే ఈ 7ఇ8, ఫైలుగా మారి స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకోగానే 70 కోట్లు అయిపోతుంది.

ఇది ఆకస్మిక లోపం కాదు. కంప్యూటర్ చరిత్రలో వేర్వేరు అవసరాల కోసం పుట్టిన రెండు ‘ఇ’లు ఒకే గడిలో ఎదురుపడటమే దీనికి మూలం. మొదటి ‘ఇ’ 1957లో ఐబీఎం సంస్థలో జాన్ బాకస్ బృందం రూపొందించిన ఫోర్‌ట్రాన్ భాషలో కనిపిస్తుంది. పది మీద ఘాతాన్ని కాగితంపై చిన్న అంకెగా పైన రాయవచ్చు గాని, పంచ్ కార్డుపై అది సాధ్యం కాదు కనుక, 7ఇ8 అంటే ఏడును పది ఎనిమిదో ఘాతంతో హెచ్చించాలని ఆ భాషలో అర్థం. రెండో ‘ఇ’ కూడా ఐబీఎం ద్వారానే వ్యాపించింది. పదహారు అంకెలతో లెక్కించే హెక్సాడెసిమల్ పద్ధతిలో తొమ్మిది తరువాతి ఆరు విలువలకు ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరాలను వాడే అలవాటు 1964 నాటి సిస్టమ్/360 యంత్రాలతో స్థిరపడింది. అందులో ‘ఇ’ అంటే పద్నాలుగు. వాహనం పలికేది ఈ రెండో భాష, ఆ భాషలో 7ఇ8 విలువ 2024.

మరి స్ప్రెడ్‌షీట్ మొదటి అర్థాన్నే ఎందుకు ఎంచుకుంటుంది? హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో చదువుతుండగా డాన్ బ్రిక్లిన్ ఊహించి, బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి 1979లో విడుదల చేసిన విజిక్యాల్క్ జమాఖర్చుల కోసం పుట్టిన సాధనం. అందులో గడిలో కొట్టిన మొదటి గుర్తు అక్షరమైతే అది శీర్షిక, అంకె అయితే అది లెక్కించవలసిన విలువ; అంకెతో మొదలయ్యే శీర్షిక కావాలంటే ముందు కొటేషన్ గుర్తు పెట్టాలి. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 ఆ పనికి అపోస్ట్రఫీని వాడింది, ఎక్సెల్‌లో ఈనాటికీ అదే గుర్తు పనిచేస్తోంది. గడిలో పడినది ఏమిటో యంత్రమే ఊహించడం లెక్కలు రాసేవారికి గొప్ప సౌకర్యం, దాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. అయితే స్కానర్ నుంచి వచ్చే సీఎస్‌వీ ఫైలు, అనగా విలువల మధ్య కామాలు తప్ప మరేమీ లేని వట్టి పాఠం, ఏ నిలువు వరుసలో అంకెలున్నాయో ఏ వరుసలో పేర్లున్నాయో ఎక్కడా చెప్పదు. 2005లో ఆ పద్ధతిని వివరిస్తూ వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 4180 పత్రం కూడా ఈ విషయాన్ని ముట్టుకోలేదు.

జరిగే నష్టాన్ని దగ్గరగా చూస్తే, ఒకే నిలువు వరుసలో 7ఇ8, 7ఇ9 కుడి అంచుకు జరిగి 7.00ఇ+08, 7.00ఇ+09గా కనిపిస్తాయి, వాటి కిందనే ఉన్న 7ఇఎ మాత్రం ‘ఎ’ అక్షరం కారణంగా ఘాతంగా చదవడానికి వీలులేక, మారకుండా ఎడమ అంచున నిలుస్తుంది. వరుస ఇలా రెండు అంచులకు చీలడమే తొలి హెచ్చరిక. చాలామంది అప్పుడు ఆ వరుసను ఎంచుకుని దాని రూపాన్ని ‘టెక్స్ట్’గా మారుస్తారు, దానివల్ల 7ఇ8 తిరిగి రాదు, 700000000 అనే తొమ్మిది అంకెలు ప్రత్యక్షమవుతాయి. దాన్ని హెక్సాడెసిమల్‌గా భావించి మార్పిడి సూత్రం ప్రయోగిస్తే 2024కు బదులు 30,06,47,71,072 వస్తుంది. ఇదే దారిలో 0012 అనే భాగం సంఖ్య 12 అవుతుంది, 3-12 తేదీ అవుతుంది, పదహారు అంకెల సీరియల్ సంఖ్యలో చివరి అంకె సున్నా అవుతుంది.

ఇదే బాధ పడిన జన్యుశాస్త్రవేత్తలు 2020లో మార్చ్1 వంటి జన్యువుల పేర్లనే మార్చుకున్నారు. వాహన రంగానికి ఆ వెసులుబాటు లేదు; 7ఇ8 అంతర్జాతీయ ప్రమాణంలో చేరి, ఇప్పటికే రోడ్ల మీద తిరుగుతున్న వాహనాల్లో స్థిరపడిపోయింది.

అందువల్ల ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరవకుండా, ఖాళీ షీటు తెరిచి, డేటా మెనూ ద్వారా దిగుమతి చేసుకుంటూ, విలువలు గడుల్లో పడకముందే ఆ వరుసలను ‘టెక్స్ట్’గా ప్రకటించడం సరైన పద్ధతి. 2023లో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్‌లో ‘ఇ’ ఉన్న సంఖ్యలను ఘాతాలుగా మార్చడం, ముందు సున్నాలను తొలగించడం వంటి పనులను ఆపివేసే ఎంపికలను చేర్చింది. అయితే ఆ ఎంపిక ఒక కంప్యూటర్‌కే పరిమితం, ఫైలు వెంట ప్రయాణించదు.

మారిన ఫైలును అదే పేరుతో భద్రపరిస్తే పరిస్థితి వేరు. 7.00ఇ+08 ఒకప్పుడు 7ఇ8 అని ఊహించవచ్చు, ఎందుకంటే జవాబు సంఖ్యలు 7ఇ8 నుంచి 7ఇఎఫ్ వరకే ఉంటాయని ముందే తెలుసు. మాడ్యూల్‌లోని సాఫ్ట్‌వేర్ గుర్తింపు సంఖ్యల విషయంలో ఆ ఆధారం ఉండదు: 1ఇ05, 01ఇ5, 10ఇ4 అనే మూడు వేర్వేరు సంఖ్యలు గడిలో పడగానే ఒకే 1.00ఇ+05గా మారి, అలాగే భద్రమవుతాయి. మొదటిది 7685, రెండోది 485, మూడోది 4324 అయినా, ఏ గడిలో ఏది ఉండేదో ఏ సూత్రమూ చెప్పలేదు. అసలు ఫైలు ప్రతి మిగిలి ఉండకపోతే వాహనాన్ని మళ్ళీ రప్పించి, స్టీరింగు దిగువన స్కానర్ తగిలించి, మాడ్యూల్‌నే అడగాలి.