రాళ్లను చదివిన ఆచార్యుడు
అమరావతి, నాగార్జునకొండ శాసనాల వెలుగులో బౌద్ధ చరిత్రను పునఃపరిశీలించిన గ్రెగరీ షోపెన్

అమరావతి స్తూపానికి పూర్ణకుంభం చెక్కిన పలకను సమర్పించిన దాత పేరు విధికుడు. వృత్తి రీత్యా చర్మకారుడు. నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడు. తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో కలిసి ఈ దానం చేసినట్లు ఆ పలకపైనే చెక్కించాడు. ఇటువంటి సామాన్యుల పేర్లు ధర్మగ్రంథాల్లో కానరావు. రాతి మీద మాత్రమే మిగిలాయి. ప్రాచీన భారతంలో బౌద్ధం ఎలా ఉండేదో తెలియాలంటే ఈ రాళ్లనే ముందుగా అడగాలని వాదించి, ఆ రంగంలో పాతుకుపోయిన అభిప్రాయాలను కదిలించిన చరిత్రకారుడు అమెరికాకు చెందిన ఆచార్య గ్రెగరీ షోపెన్.

సాహిత్యం నుంచి శాసనాలకు..

షోపెన్ 1947లో అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో, ఒకప్పుడు బంగారు వేటతో పేరొందిన డెడ్‌వుడ్ పట్టణంలో జన్మించారు. పట్టభద్రుడైనది అమెరికన్ సాహిత్యంలో. అనంతరం కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మతాల చరిత్ర అభ్యసించారు. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో డాక్టరేట్ పొందారు. కాశ్మీర్ ప్రాంతంలోని గిల్గిత్‌లో 1931లో బయల్పడిన ప్రాచీన సంస్కృత రాతప్రతులు ఆయన పరిశోధనకు ఆధారం. సంస్కృతం, పాళీ, టిబెటన్ భాషల్లో సంపాదించిన పట్టు ఆయనకు జీవితాంతం అక్కరకొచ్చింది. 1985లో ప్రతిష్ఠాత్మక మెకార్థర్ ఫెలోషిప్ లభించింది. ఇండియానా, టెక్సాస్ విశ్వవిద్యాలయాల్లో బోధించి, తర్వాత లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు.

పుస్తకమా? శాసనమా?

బౌద్ధాన్ని అధ్యయనం చేసిన తొలితరం పాశ్చాత్య పండితులు గ్రంథాలనే ప్రమాణంగా తీసుకున్నారు. గ్రంథంలో ఉన్నదే అసలు బౌద్ధమని, స్తూపారాధన వంటివి పామరుల కోసం తర్వాత వచ్చి చేరాయని భావించారు. శాసనం గ్రంథంతో విభేదిస్తే శాసనాన్నే పక్కన పెట్టేవారు. దీనిని షోపెన్ 1991లో ప్రచురించిన వ్యాసంలో ప్రశ్నించారు. సత్యం లేఖనాల్లోనే ఉంటుందన్న ఐరోపా ప్రొటెస్టెంట్ భావనే తెలియకుండా ఈ పండితుల చూపును నడిపించిందని వివరించారు. గ్రంథం ఎలా ఉండాలో చెబుతుంది, శాసనం ఏం జరిగిందో చెబుతుందన్నది ఆయన వాదన సారాంశం.

భిక్షువులూ దాతలే

శాసనాలను వరుసగా పరిశీలిస్తే దాతల్లో భిక్షువులు, భిక్షుణులు పెద్దసంఖ్యలో కనిపించారు. సొంత ఆస్తి లేనివారైతే దానం ఎలా చేయగలరు? ఈ చిన్న ప్రశ్నే పెద్ద చర్చకు దారితీసింది. తల్లిదండ్రుల శ్రేయస్సు కోరి భిక్షువులు దానాలు చేసిన ఉదాహరణలను 1984లో ఆయన వెలుగులోకి తెచ్చారు. మాతాపితృభక్తి చైనా బౌద్ధంలో ప్రత్యేకంగా పుట్టిందన్న అభిప్రాయం దీనితో సడలింది. ఇల్లు విడిచినవారు కన్నవారిని మరువలేదని రాళ్లు తెలిపాయి.

మూలసర్వాస్తివాద వినయ గ్రంథాల్లో విహారాలు వడ్డీకి అప్పులివ్వడానికి, పత్రాలు రాయించుకోవడానికి నియమాలున్నట్లు 1994లో ఆయన చూపారు. మన జిల్లాలోనూ ఇటువంటి ఆధారం ఉండటం విశేషం. నాగార్జునకొండలో 1927 నుంచి తవ్వకాలు సాగించిన లాంగ్‌హర్స్ట్, ఒక విహారపు గదిలో సీసపు నాణేలతో పాటు నాణేలు తయారుచేసే అచ్చు దొరికినట్లు నమోదు చేశారు.

ధాతువులో బుద్ధుడు

నాగార్జునకొండ మహాచైత్యం వద్ద ఇక్ష్వాకు రాజవంశపు స్త్రీలు ప్రతిష్ఠించిన స్తంభాలపై ఒక ప్రాకృత విశేషణం ఉంది. దానిని ‘నిర్వాణం పొందిన’ అన్న అర్థంలో పూర్వ పండితులు తీసుకున్నారు. 1988లో షోపెన్ దానిని మరోలా చదివారు. శ్రేష్ఠమైన ధాతువులో బుద్ధుడు నెలకొని ఉన్నాడని అర్థం చెప్పారు. ఈ పఠనం ప్రకారం దాతలకు అది కేవలం అస్థిక కాదు, సాక్షాత్తు బుద్ధుడే. విహారాల ఆస్తికి బుద్ధుడే యజమాని అన్న భావన గురించి కూడా ఆయన 1990లో రాశారు. దేవుని మాన్యం అంటే ఏమిటో ఎరిగిన మన పల్లెలకు ఇది వింతగా తోచదు.

షోపెన్ వాదనలన్నింటినీ అందరూ అంగీకరించలేదు. నియమం రాసి ఉన్నంత మాత్రాన అది ఆచరణలో ఉన్నట్లు కాదని, శాసనాలు కూడా సమాజంలో కొందరి గొంతునే వినిపిస్తాయని అభ్యంతరాలు ఉన్నాయి. అయితే శాసనాన్ని విస్మరించి బౌద్ధ చరిత్ర రాయడం ఆ తర్వాత కష్టమైంది.

పోయిన రాయి తిరిగి రాదు

ఆయన వంటివారు చదివేందుకు రాళ్లు మిగలడమే అదృష్టం. అమరావతి స్తూపం రాళ్లను ఒకప్పుడు కట్టడాలకు తరలించారు, కొన్నింటిని కాల్చి సున్నం చేశారు. 1816 ప్రాంతంలో కల్నల్ మెకంజీ బృందం గీసిన చిత్రాల్లోని శిల్పాలు కొన్ని నేడు లేవు. మిగిలినవాటిలో అధికభాగం చెన్నై, లండన్ మ్యూజియాలకు చేరాయి. నాగార్జునకొండ లోయ సాగర్ జలాశయంలో మునగకముందు, 1954 నుంచి 1960 వరకు సాగిన తవ్వకాల వల్లే అక్కడి సంపద దక్కింది.

గ్రంథం ఒకచోట నశించినా మరోచోట ప్రతి దొరకవచ్చు. శాసనానికి రెండో ప్రతి ఉండదు. విధికుని పలక సున్నపు బట్టీకి చేరి ఉంటే, తల్లిని, బిడ్డలను వెంటబెట్టుకుని స్తూపానికి వచ్చిన ఆ చర్మకారుడు ఉన్నాడని కూడా ఎవరికీ తెలిసేది కాదు. పొలం దున్నుతుండగా, పునాది తీస్తుండగా అక్షరాలున్న రాయి బయటపడితే పురావస్తు శాఖకు తెలియజేయడం అందుకే అవసరం.