నవజాత శిశువులకు ఇంజక్షను మందుల భద్రత

నవజాత శిశు ప్రత్యేక చికిత్సా కేంద్రాలలో 28 రోజుల లోపు శిశువులకు సూది ద్వారా గాని, సెలైను ద్వారా గాని ఇచ్చే మందులను కొలవడం, కలపడం, ఎక్కించడంలో పాటించవలసిన పద్ధతులను ఇంజక్షను మందుల భద్రత అంటారు. ఇటువంటి కేంద్రాలు ఖమ్మం జిల్లా ఆసుపత్రిలోను, గోదావరి తీరాన గల భద్రాచలం ఏరియా ఆసుపత్రిలోను ఉన్నాయి. భద్రాచలం 2016 అక్టోబరు వరకు ఖమ్మం జిల్లాలో ఉండి, ఆ తరువాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది.

కొలతలో చిక్కు

మార్కెట్టులో దొరికే సీసాలలో అధికభాగం పెద్దల మోతాదుకు తయారైనవే. సమస్యకు మూలం ఇదే. ఉదాహరణకు జెంటామైసిన్ సీసాలో 2 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. 1.5 కిలోల శిశువుకు కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున కావలసినది 7.5 మిల్లీగ్రాములు, అనగా సుమారు 0.19 మిల్లీలీటరు. ఇంత తక్కువ పరిమాణంలో సిరంజి మొనలోను, సూది మొదట్లోను మిగిలిపోయే మందు కూడా లెక్కలోకి వస్తుంది. అందువలన 1 మిల్లీలీటరు మందుకు 3 మిల్లీలీటర్ల సెలైను చేర్చి, మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములుగా పలుచన చేస్తే, 0.75 మిల్లీలీటరును 1 మిల్లీలీటరు సిరంజిలో స్పష్టంగా కొలవవచ్చును. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే మోతాదు పది రెట్లవుతుంది. ఈ మందు మోతాదు మించితే మూత్రపిండాలకు, వినికిడికి హాని కలుగుతుంది. కావున ఒకరు వేసిన లెక్కను మరొకరు చూడకుండా మళ్ళీ వేసి సరిపోల్చాలి. శిశువు బరువును అంచనా వేయరాదు, తూచవలెను.

లేబులు చదవకపోవడం ఇంకా ప్రమాదకరం. 2006లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో 10 యూనిట్ల హెపారిన్‌కు బదులు 10,000 యూనిట్ల సీసాలు వాడగా నెలలు నిండని శిశువులు ముగ్గురు మరణించారు. పొటాషియం క్లోరైడు గాఢ ద్రావణాన్ని ఇతర మందుల పక్కన ఉంచరాదనే నియమం ఇటువంటి పొరపాటు జరగకుండా ఏర్పడినదే.

కలపకూడనివి

సెఫ్ట్రియాక్సోన్, కాల్షియం గల ద్రవాలు కలిసి గడ్డకట్టి శిశువు ఊపిరితిత్తులలో, మూత్రపిండాలలో పేరుకొనగలవు. పలుచన చేయడానికి వాడే నీటిలో బెంజైల్ ఆల్కహాలు ఉండరాదు. దీని వలన నెలలు నిండని శిశువులు ఊపిరాడక మరణించిన సంగతి 1982లో వెలుగులోకి వచ్చింది.

బదిలీ సమయంలో

చర్ల, దుమ్ముగూడెం మండలాల అటవీ గ్రామాల నుండి, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గ్రామాల నుండి శిశువులు భద్రాచలానికి వస్తుంటారు. అక్కడ నుండి ఖమ్మం సుమారు 120 కిలోమీటర్లు. మొదటి ఆసుపత్రిలో ఇచ్చిన మందు పేరు, మోతాదు, గంట చీటీలో లేకపోతే, రోజుకొకసారి ఇవ్వవలసిన జెంటామైసిన్ అదే రోజు రెండవసారి పడవచ్చు, లేదా అసలు పడకపోవచ్చు. విటమిన్ కె విషయమూ ఇంతే. తల్లి ఇంకా కాన్పు అయిన చోటే ఉండి, శిశువు వెంట బంధువులే వచ్చినప్పుడు ఆ చీటీయే ఏకైక ఆధారం. కోయ భాష మాత్రమే వచ్చిన వారిని అడిగి తెలుసుకొనుటకు దుబాసీ అవసరమవుతాడు.

వాడిన సూదికి మూత తిరిగి పెట్టరాదు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం దానిని గుచ్చుకొనని తెల్లని డబ్బాలో వేయవలెను.