షుగర్‌కు జవాబు కంచంలోనే కాదు, కండరాల్లోనూ ఉంది

“అయ్యగారూ, మా నాయన మూడు పూటలా అన్నమే తిన్నాడు. ఆయనకు రాని షుగర్ నాకెందుకు వచ్చింది?” జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో ఈ ప్రశ్న ఇప్పుడు కొత్త కాదు. వంశపారంపర్యం, వయసు, పొట్ట చుట్టూ కొవ్వు కారణాలే. కానీ మరో కారణాన్ని మనం పట్టించుకోవడం లేదు.

తిన్న అన్నం గ్లూకోజ్‌గా మారి రక్తంలో చేరుతుంది. దానిలో పెద్ద వాటా తీసుకోవలసినవి కండరాలే. కొంత ఖర్చు చేసుకొని, కొంత గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. కండరపు తలుపు తెరిచే తాళంచెవి ఇన్సులిన్. టైప్ 2 షుగర్‌లో ఆ తాళంచెవి సరిగా తిరగదు. అయితే నడిచేటప్పుడు, బరువు మోసేటప్పుడు కండరం ఇన్సులిన్ కోసం ఆగదు. దానిలోని గ్లూట్-4 అనే ప్రోటీన్లు కణం అంచుకు వచ్చి గ్లూకోజ్‌ను లోపలికి చేరవేస్తాయి. పని ఆగాక కూడా ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుంది. ఆ తరువాత ఆ మేలు తగ్గిపోతుంది.

మన తండ్రుల కండరాలకు ఆ పని రోజూ దొరికేది. ఇప్పుడు నాగలి స్థానంలో ట్రాక్టర్, కొడవలి స్థానంలో కోత మిషన్ వచ్చాయి. చేనుకు బండి మీదే వెళ్తున్నాం. బొగ్గు గనుల్లో తట్టా చెమ్మస్ పనినీ యంత్రాలే అందుకున్నాయి. నడుము విరిగే చాకిరీ తగ్గడం మంచిదే. కానీ పని తగ్గింది, కంచంలో అన్నం తగ్గలేదు. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది.

ప్రియ పాఠకులారా, వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు 30 నిమిషాల చొప్పున ఐదు రోజులు చాలు. వరుసగా రెండు రోజులు మానకండి. భోజనం తరువాత పదిహేను నిమిషాలు నడిచినా ఆ పూట షుగర్ అంతగా పెరగదు. వారానికి రెండు రోజులైనా కుర్చీలో కూర్చొని లేవడం వంటి, కండరాలకు బలమిచ్చే కసరత్తు చేయండి.

నడక మొదలుపెట్టామని మాత్రలు మాత్రం మానకండి. మందులు తగ్గించాలో లేదో డాక్టరే చెప్పాలి. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవారికి నడకలో షుగర్ పడిపోవచ్చు. చేతులు వణికినా, చెమటలు పట్టినా వెంటనే కాస్త చక్కెర నోట్లో వేసుకోండి. గుండె జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టర్‌ను అడగండి. పాదాల స్పర్శ తగ్గినవారు చెప్పులు లేకుండా నడవవద్దు.

ఈ రాత్రి భోజనం కాగానే మంచం మీద వాలకుండా, ఇంట్లోవాళ్లను తోడు పిలుచుకొని వీధి చివరిదాకా నడిచి రండి.