పశువుల డాక్టరు చదువుకు డబ్బెవరిది?
(అపోహలు – వాస్తవాలు)

పశువైద్య విద్యకు ప్రభుత్వం పెట్టే ఖర్చు గురించి తెలిసినవాళ్లు తక్కువ, తీర్పులిచ్చేవాళ్లు ఎక్కువ.

అపోహ: డబ్బంతా కేంద్రానిదే.

వాస్తవం: రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితా చూడండి. 15వ అంశంలో పశువ్యాధుల నివారణతో పాటు పశువైద్య శిక్షణ, వృత్తి కూడా ఉన్నాయి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం సైతం కొన్ని రాష్ట్రాల శాసనసభలు తీర్మానించి కోరాకే వచ్చింది. మండలి ప్రమాణాలు పెడుతుంది, తనిఖీ చేస్తుంది, జీతాలివ్వదు. కేంద్రం కింద ఉండే భారత వ్యవసాయ పరిశోధన మండలి నుంచి అభివృద్ధి గ్రాంట్లు వస్తాయి గానీ, తిరుపతిలోనైనా రాజేంద్రనగర్‌లోనైనా పశువైద్య విశ్వవిద్యాలయం నడిచేది ప్రధానంగా రాష్ట్ర ఖజానా మీదే. 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు పోతాయి నిజమే. అదే కోటాలో మన పిల్లలూ బయటి రాష్ట్రాల్లో చదువుతున్నారు.

అపోహ: సర్కారు సాయమంటే ఫీజు రాయితీ.

వాస్తవం: ఫీజు చిన్న లెక్క. కోర్సు ఐదున్నరేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. విద్యార్థి చెయ్యి తిరగాలంటే కళాశాలకు సొంతంగా ఆవులు, గేదెలు, గొర్రెలు, కోళ్లు ఉండాలి. వాటికి మేత, కాపరులు కావాలి. రోజూ పశువులొచ్చే ఆసుపత్రి, ఆపరేషన్ థియేటర్, ఎక్స్‌రే కావాలి. కడుపులో దూడ అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి సరిచేయడం నల్లబల్ల మీద నేర్పే విద్య కాదు. సెలవుల్లో పిల్లలు ఇళ్లకు పోతారు, గేదెలకు మాత్రం ఆ పూటా మేత వెయ్యాల్సిందే. ఇంటర్న్‌షిప్‌లో ఇచ్చే స్టైపెండ్ కూడా ఈ ఖర్చులో భాగమే. దాన్ని పెంచాలనే ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు 2025లో సమ్మెకు దిగారు.

అపోహ: కొత్త కాలేజీ ప్రకటిస్తే డాక్టర్లు వచ్చేసినట్టే.

వాస్తవం: శిలాఫలకానికి పెద్దగా ఖర్చవదు. పశువైద్య మండలి చెప్పినంతమంది అధ్యాపకులు లేకపోతే గుర్తింపు రాదు. గుర్తింపు లేని పట్టాతో రిజిస్ట్రేషన్ లేదు, అది లేనిదే ప్రాక్టీసూ లేదు. సగం ఖర్చుపెట్టి ఆపేస్తే పొదుపు కాదు, ఆ సగమూ దండగే.

అపోహ: ఊళ్లో గోపాలమిత్ర ఉండగా ఇంత ఖరీదైన డాక్టరెందుకు?

వాస్తవం: ఎదకొచ్చిన గేదెకు కృత్రిమ గర్భధారణ సూది వేయడంలో గోపాలమిత్రల సేవ కాదనలేనిది. పశుసంవర్ధకంలో రెండేళ్ల డిప్లొమా చేసినవారు ప్రథమ చికిత్స చేయగలరు, టీకాలు వేయగలరు. అయితే చట్టం ప్రకారం ఆ పనైనా రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలోనే జరగాలి. రోగ నిర్ధారణ, శస్త్రచికిత్స వారి పరిధిలోవి కావు. ఐదు వేల పశువులకు ఒక డాక్టరుండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే సిఫారసు చేసింది.

ఈసారి మీ ఎమ్మెల్యే కొత్త పశువైద్య కళాశాల తెస్తానంటే చప్పట్లు కొట్టే ముందు ఒక్క మాట అడగండి: ఉన్న కళాశాలల్లో అధ్యాపకుల ఖాళీలు ఎప్పుడు నింపుతారు?