ఔలి (స్కీయింగ్ కేంద్రం)

ఔలి ఉత్తరాఖండ్ రాష్ట్రంలోని చమోలీ జిల్లాలో, జోషీమఠ్ పట్టణానికి ఎగువన ఉన్న పర్వత విహారకేంద్రము. సముద్రమట్టానికి సుమారు 2,500 మీటర్ల నుండి 3,050 మీటర్ల ఎత్తు వరకు ఇది వ్యాపించి ఉన్నది. గఢ్వాల్ ప్రాంతంలో ఎత్తైన పచ్చిక మైదానాన్ని బుగ్యాల్ అంటారు. ఔలి అటువంటి ఒక బుగ్యాల్. వేసవిలో పశువులు మేసే ఈ వాలు శీతకాలంలో హిమంతో కప్పబడి స్కీయింగ్ క్రీడకు అనువుగా మారుతుంది. కాశ్మీరులోని గుల్మార్గ్‌తో పాటు భారతదేశంలో స్కీయింగ్‌కు పేరొందిన ప్రదేశాలలో ఇది ముఖ్యమైనది.

తెలుగు రాష్ట్రాలలో ఈ క్రీడకు తగిన హిమపాతము ఎక్కడా లేదు. విశాఖ మన్యంలోని లంబసింగిలో చలికాలపు తెల్లవారుజామున గడ్డిపై తెల్లని పొర కనబడవచ్చును గాని, నేలపై హిమము పేరుకొనదు. 2004లో హైదరాబాదులో ప్రారంభమైన స్నో వరల్డ్ ఒక భవనంలో కృత్రిమంగా ఏర్పరచినది. కాబట్టి స్కీయింగ్ నేర్వదలచిన తెలుగువారు హిమాలయాలకే పోవలసి ఉన్నది. ఏలూరు, తాడేపల్లిగూడెం, చింతలపూడి వంటి ప్రాంతాల నుండి బయలుదేరేవారికి ఈ యాత్రలో ఎదురయ్యే విషయాలు దిగువ వివరించబడినవి.

మంచు అనే పదము

తెలుగులో మంచు అనే మాటకు అర్థవ్యాప్తి ఎక్కువ. ధనుర్మాసంలో కొల్లేటి మీద కమ్ముకొనేదీ మంచే, గడ్డిపోచల మీద బిందువులుగా నిలిచేదీ మంచే, ఆకాశం నుండి దూదిపింజల వలె రాలేదీ మంచే. మొదటిది పొగమంచు, రెండవది నీటి తుషారము, మూడవది హిమము. స్కీయింగ్‌కు కావలసినది మూడవది మాత్రమే. మొదటిది ఈ యాత్రకు శత్రువు కూడా. ఎందుకనగా జనవరి మాసంలో ఉత్తర భారతదేశాన్ని కప్పే పొగమంచు వలన ఢిల్లీ వైపు వెళ్ళే రైళ్ళు గంటల తరబడి ఆలస్యమగుట సర్వసాధారణము.

స్కీయింగ్

పాదరక్షలకు బిగించిన పొడవాటి సన్నని బద్దల సహాయంతో మంచుపై జారుట స్కీయింగ్. ఇది క్రీడగా పుట్టినది కాదు. శీతల దేశాలలో మనుషులు మంచుపై దిగబడకుండా నడచుటకు వేల సంవత్సరాల నుండి ఇటువంటి బద్దలను వాడుచుండిరి. మనిషి బరువు విశాలమైన తలంపై పరచుకొనుట వలన మంచుపై పీడనము తగ్గుతుంది. ఆధునిక క్రీడారూపము 19వ శతాబ్దంలో నార్వేలోని టెలిమార్క్ ప్రాంతంలో అభివృద్ధి చెందినది. మొదటి శీతకాల ఒలింపిక్ క్రీడలు 1924లో ఫ్రాన్సులోని షామొనీలో జరిగినవి. భారతదేశంలో 1927లో బ్రిటిష్ వారు గుల్మార్గ్‌లో స్కీ క్లబ్బును స్థాపించారు.

ఔలిలో ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం వారి పర్వతారోహణ, స్కీయింగ్ శిక్షణ సంస్థ ఉన్నది. సామాన్య యాత్రికులకు గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ అనే ప్రభుత్వ సంస్థ వసతిని, శిక్షణను కల్పిస్తుంది. 2011 జనవరిలో మొదటి దక్షిణాసియా శీతకాల క్రీడలు డెహ్రాడూన్, ఔలిలలో జరిగినవి.

ఎప్పుడు వెళ్ళవలెను

మనకు వర్షాలనిచ్చే నైరుతి ఋతుపవనాలకు, ఔలిలో హిమపాతానికి సంబంధము లేదు. మధ్యధరా సముద్ర ప్రాంతం నుండి తూర్పుగా వచ్చే పశ్చిమ అలజడులు శీతకాలంలో హిమాలయాలను తాకి అక్కడ హిమము కురిపిస్తాయి. ఇవి ఎన్ని వస్తాయో, ఎంత బలంగా వస్తాయో ఏటేటా మారుతుంది. సాధారణంగా జనవరి నుండి మార్చి మొదటి వారాల వరకు స్కీయింగ్ కాలము. ఔలి వాలు ఉత్తరాభిముఖంగా ఉండుట వలన ఎండ తక్కువ తగిలి, కురిసిన హిమము త్వరగా కరగదు.

అయినను ఇటీవలి సంవత్సరాలలో హిమము నమ్మకముగా కురియుట లేదు. 2023 ఫిబ్రవరిలో ఔలిలో జరుగవలసిన జాతీయ స్థాయి పోటీలు హిమము చాలక రద్దయినవి. కృత్రిమంగా హిమము తయారు చేయు యంత్రాలు, వాటికి నీరందించుటకు ఒక చెరువు నిర్మించబడినవి గాని, గాలి తగినంత చల్లగా లేనిదే ఆ యంత్రాలు పనిచేయవు. నెలల ముందు తేదీ నిర్ణయించుకొని వెళ్ళి పచ్చిక చూచి తిరిగివచ్చిన వారు లేకపోలేదు. ఫిబ్రవరి మొదటి రెండు వారాలు కొంత సురక్షితమైన ఎంపిక. బయలుదేరుటకు వారము ముందు వసతి గృహం వారికి ఫోను చేసి నేలపై ఎంత మంచు ఉన్నదో అడుగుట ఏ వెబ్‌సైటు చూచుట కన్నను మేలు.

ప్రయాణ మార్గము

చింతలపూడికి రైలు లేదు. అక్కడివారు రోడ్డు మార్గాన ఏలూరుకు గాని విజయవాడకు గాని చేరవలెను. విజయవాడ నుండి ఢిల్లీకి కాజీపేట, నాగపూర్, భోపాల్, ఝాన్సీల మీదుగా సుమారు 1,750 కి.మీ. దూరము. రైలు రిజర్వేషన్ 2024 నవంబరు నుండి ప్రయాణానికి 60 రోజుల ముందు మాత్రమే మొదలగుచున్నది. అంతకు పూర్వము ఇది 120 రోజులు. విమానంలో వెళ్ళదలచినవారికి గన్నవరం విమానాశ్రయము దగ్గర. ఔలి వైపు సమీప విమానాశ్రయము డెహ్రాడూన్ వద్ద జాలీ గ్రాంట్.

ఢిల్లీ నుండి హరిద్వార్, ఋషికేశ్ చేరిన తరువాత అసలు ప్రయాణము మొదలవుతుంది. ఋషికేశ్ నుండి జోషీమఠ్‌కు దాదాపు 250 కి.మీ. దూరమే అయినను పది గంటలు పట్టవచ్చును. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగల మీదుగా అలకనంద ఒడ్డున సాగే ఈ మార్గము బదరీనాథ్ యాత్ర చేసిన తెలుగువారికి పరిచితమే. అయితే వారు దానిని మే, జూన్ మాసాలలో చూచి ఉంటారు. శీతకాలంలో పగలు చిన్నది. కొండచరియలు విరిగిపడితే దారి గంటలు, ఒక్కొక్కప్పుడు రోజులు మూతపడుతుంది. రాత్రి ప్రయాణము ఎంతమాత్రము తగదు. తెల్లవారకముందే ఋషికేశ్ నుండి బయలుదేరుట ఉత్తమము.

రైలులో పోయి రైలులో వచ్చేవారు రానుపోను దారికే ఏడెనిమిది రోజులు కేటాయించుకొనవలెను. ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ తీసికొనదలచినచో మొత్తము పదిహేను రోజులవుతుంది. సంక్రాంతి సెలవులలో ముగించుకొని రాగలమని తలచే విద్యార్థులకు, ఉపాధ్యాయులకు నిరాశ తప్పదు. పైగా, దారి మూతపడే అవకాశమున్నందున తిరుగు ప్రయాణానికి కనీసము రెండు రోజులు అదనంగా ఉంచుకొనవలెను. ఈ రెండు రోజులను మిగుల్చుకొన చూచుట వలననే ఎక్కువమంది ఇబ్బంది పడుదురు.

జోషీమఠ్ నుండి ఔలికి సుమారు 4 కి.మీ. పొడవైన రోప్‌వే ఉండెడిది. పట్టణములో నేల కుంగిన కారణంగా 2023 జనవరిలో దీనిని నిలిపివేశారు. పాత పర్యటన పుస్తకాలలో దీని వర్ణన ఘనంగా కనబడుతుంది గాని, యాత్రికులు రోడ్డు మార్గముననే పోవుటకు సిద్ధపడవలెను. హిమము అధికంగా కురిసిన రోజున చక్రాలకు గొలుసులు కట్టిన వాహనాలు మాత్రమే పైకి పోగలవు.

ఎత్తు, చలి

కొల్లేరు పరిసర గ్రామాలు సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్నవి. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గును. అనగా 2,800 మీటర్ల వద్ద ఎత్తు వలననే 18 డిగ్రీల తేడా వచ్చును. దానికి ఉత్తరాది చలి తోడగును. రాత్రులందు ఉష్ణోగ్రత సున్నాకు బాగా దిగువన ఉండును.

చలి కన్న జాగ్రత్త పడవలసినది పలుచని గాలి విషయంలో. ఔలిలో ఒక శ్వాసలో లభించే ఆక్సిజన్ కొల్లేటి ఒడ్డున లభించే దానిలో దాదాపు ముప్పావు వంతే. సుమారు 2,500 మీటర్లు దాటినప్పటి నుండి కొందరికి తలనొప్పి, వాంతి, నిద్రలేమి కలుగవచ్చును. దీనికి వయస్సుతో గాని దేహదారుఢ్యంతో గాని సంబంధము లేదు. బలిష్ఠులైన యువకులే ముందుగా పడిపోవుట కద్దు, ఏలయనగా వారు తొందరపడుదురు. సుమారు 1,900 మీటర్ల ఎత్తున ఉన్న జోషీమఠ్‌లో ఒక రాత్రి విశ్రమించి, మరునాడు నెమ్మదిగా పైకి పోవలెను. మొదటి రోజు శ్రమించరాదు, నీరు ఎక్కువగా త్రాగవలెను, మద్యము ముట్టరాదు. లక్షణాలు ముదిరినచో, ముఖ్యంగా నడక తడబడినను, విశ్రాంతిలో కూడ ఆయాసము వచ్చినను, మందులతో కాలక్షేపము చేయక వెంటనే క్రిందికి దింపవలెను. ఔలిలో పెద్ద ఆసుపత్రి లేదు. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నది ఋషికేశ్‌లో. గుండె జబ్బు, ఉబ్బసము కలవారు వైద్యుని సంప్రదించిన పిదపనే ప్రయాణము తలపెట్టవలెను.

దుస్తుల విషయంలో మనవారు చేసే సామాన్యమైన పొరపాటు ఒకే ఒక మందమైన స్వెట్టరును నమ్ముకొనుట. పలుచని దుస్తులు మూడు పొరలుగా ధరించినచో పొరల మధ్య నిలిచిన గాలి వేడిని కాపాడును. శరీరానికి తగిలే పొర నూలుది కారాదు, నూలు చెమటను పీల్చి తడిగా నిలుచును. పైపొర నీటిని, గాలిని ఆపేది కావలెను. మంచు ఎండను ప్రతిఫలింపజేయుట వలన నల్ల కళ్ళద్దాలు లేకుండ కొన్ని గంటలు గడిపినచో కళ్ళు మండి తాత్కాలికంగా చూపు మందగించవచ్చును. బద్దలు, బూట్లు, చేతికర్రలు అక్కడ అద్దెకు దొరకును. కొనవలసిన పనిలేదు. బూటు మాత్రము మడమ కదలకుండ సరిపోవునట్లు ఓపికగా చూచుకొనవలెను.

మొదటి పాఠములు

శిక్షకులు మొదట నేర్పేది జారుట కాదు, పడుట. వెనుకకు గాక ప్రక్కకు పడవలెను. రెండవది ఆగుట. రెండు బద్దల ముందుకొనలను దగ్గరకు, వెనుక కొనలను దూరంగా ఉంచి, లోపలి అంచులను మంచులోనికి నొక్కినచో వేగము తగ్గును. చూచుటకు నాగలి కర్రు వలె ఉండుటచే ఆంగ్లంలోను దీనికి నాగలి పేరే స్థిరపడినది. మూడు నాలుగు రోజుల సాధనతో చిన్న వాలుపై మలుపులు తీయుట అలవడును. శిక్షణ లేనిదే పై వాలులకు పోరాదు. గుర్తించిన హద్దులు దాటి ఒంటరిగా పోరాదు. ఔలికి ఎగువన గల ఎత్తైన ప్రాంతాలలో హిమసంపాతాల ప్రమాదము నిజమైనది. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ దాపున మాణా వద్ద హిమసంపాతంలో రహదారి పనివారు 8 మంది మరణించారు.

జోషీమఠ్ భూమి కుంగుట

జోషీమఠ్ దృఢమైన రాతిపై గాక, పూర్వము విరిగిపడిన కొండచరియల శిథిలాలపై నిర్మించబడిన పట్టణము. 1976లో మిశ్రా సంఘము ఈ విషయమును స్పష్టంగా తెలిపి, భారీ నిర్మాణాలు తగవని హెచ్చరించినది. 2023 జనవరిలో 800కు పైగా కట్టడాలు బీటలు వారి, అనేక కుటుంబాలు ఇండ్లు విడువవలసి వచ్చినది. 2022 డిసెంబరు 27 నుండి 2023 జనవరి 8 వరకు 12 రోజులలో పట్టణము 5.4 సెం.మీ. కుంగినదని ఉపగ్రహ చిత్రాల ద్వారా లెక్కించినది హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రము. దీనికి రెండేళ్ళ ముందు, 2021 ఫిబ్రవరి 7న, సమీపంలోని ఋషిగంగా, ధౌళీగంగా లోయలలో వచ్చిన వరదలో 200కు పైగా ప్రజలు మరణించారు లేదా గల్లంతయ్యారు.

పర్యాటకుల రాక ఇచ్చటివారికి జీవనాధారము, ఇచ్చటి నేలకు భారము కూడ. 2019 జూన్‌లో ఔలిలో జరిగిన ఒక సంపన్నుల వివాహము వలన పేరుకొన్న చెత్త దేశమంతట చర్చకు వచ్చినది. ఆ సందర్భంగా ఉత్తరాఖండ్ హైకోర్టు 3 కోట్ల రూపాయలు జమ చేయవలసినదిగా ఆదేశించినది. వసతి ఎంచుకొనునపుడు బీటలు వారిన ప్రాంతాలకు దూరంగా ఉన్నదో లేదో విచారించుట అవసరము.

చూడదగిన ప్రదేశములు

ఔలి నుండి నందాదేవి (7,816 మీ.), దునాగిరి, హాథీ పర్వతము కనబడును. ఉదయము ఎనిమిది గంటల లోపున ఆకాశము నిర్మలంగా ఉండును. ఎగువన గోర్సన్ బుగ్యాల్‌కు నడచి పోవచ్చును. జోషీమఠ్ ఆదిశంకరాచార్యులు స్థాపించిన జ్యోతిర్మఠానికి నెలవు. 2024లో ఈ తాలూకా పేరు అధికారికంగా జ్యోతిర్మఠ్‌గా మార్చబడినది. బదరీనాథ్ ఆలయము మూసివేసిన శీతకాలంలో శంకరాచార్యుల గద్దెను ఇచ్చటి నరసింహ ఆలయమునకు తెత్తురు. ఇందలి నరసింహ విగ్రహపు చేయి ఒకటి క్రమంగా సన్నబడుచున్నదనీ, అది విరిగిననాడు బదరీనాథ్ దారి మూతపడుననీ స్థానికుల విశ్వాసము.